ఐదో పిడికెడు

జనగామ
28 మార్చి 1951

భద్రమ్మకు అమ్మమ్మ వెంకటనర్సమ్మ రాసేది.

చి.ల.సౌ. అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి చివరి అక్షరం దగ్గర కలం ఆగింది. నీ మగడు పోయి మూడేండ్లయింది కదా. అందుకని పేరుతోనే మొదలుపెట్టాను. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి దాని మీద నాకు హక్కుంది. ఇంకా దేని మీద ఉందో ఈ మధ్య తెలియకుండా పోయింది.

నేను క్షేమం. నీ క్షేమం మంది చెప్పగా వింటున్నాను.

శివరాత్రి తెల్లారి నిన్ను జైలు నుంచి విడుస్తారని తెలిసి, నీకు పూచీ ఉండి జమానతుకు దస్తకతు పెట్టమని నీ మేనమామ సాంబయ్యను వరంగల్లు పంపాను. పొద్దుగూకే వేళకు వాడు ఒక్కడే తిరిగొచ్చాడు. మానుకోట మంత్రసాని పెంటమ్మ అట, ఆమె నిన్ను తీసుకపోయిందన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. వాడికి మాటలు కూడా దుకాణంలో బట్టలాగే, కొలిచి తప్ప ఇవ్వడు.

మిగతాది యోసేపు చెప్పాడు. రైలు పట్టాల మీద పనిచేసే మనిషి, మానుకోట దాకా పోయివస్తుంటాడు. జైలు గేటు ముందర, పదిమంది చూస్తుండగా, ఆ పెంటమ్మ నీకు ఒడిబియ్యం పోసిందట.

బిడ్డా, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడకలు, రవిక గుడ్డ ఆడబిడ్డ ఒడిలో పోసేది తల్లిగారు. దారిన పోయేవాళ్లు కాదు. నీ తల్లి నిన్ను ఐదేండ్లదాన్ని చేసి పోతే పెంచింది నేను. నీ పెండ్లిలో ఒడి నింపింది నేను. ఐదు శేర్లు, ఒక్క నూక లేకుండా మూడు రోజులు కూర్చుని ఏరాను. పైగా భర్త పోయినదానికి ఒడిబియ్యం పొయ్యరు. ముప్పై ఏండ్ల నుంచి నా కొంగు ఖాళీగానే ఉంది, నేనెవరినైనా అడిగానా? ఇంతమందికి పురుడు పోసిన మనిషికి ఆమాత్రం తెలియదా?

నీ పెట్టె ఎక్కడిదక్కడే ఉంది. నీ అర్ర ఊడ్చి ఉంచాను. ఎప్పుడు వస్తావో రాయి.

ఈ ఉత్తరం దారిలో విప్పి చదివే బాబుకు ఒక మాట. తిరిగి అంటించేటప్పుడు పిండి జిగురు జర తక్కువ పెట్టు నాయినా. పోయినసారి చీమలతో సహా అందింది.

ఇప్పటికైతే నీ అమ్మమ్మను,
వెంకటనర్సమ్మ


మానుకోట
9 ఏప్రిల్ 1951

అమ్మమ్మ కాళ్లకు దండం పెట్టి భద్రి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. చీమల్లేకుండానే అందింది.

రాలేను అమ్మమ్మా. ఏడాది దాకా ప్రతి సోమవారం ఇక్కడి ఠాణాలో హాజరు వెయ్యాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి.

నేనుండేది స్టేషను వెనక, రెండర్రల ఇల్లు. జైలు నుంచి వచ్చినవాళ్లం ఐదుగురం ఉన్నాం. ఒకరిని అత్తగారు రానివ్వలేదు, ఒకరికి ఇల్లే కాలిపోయింది. మోదుగాకు విస్తర్లు కుట్టి హోటలుకు ఇస్తాం. తిండికి పెంటమ్మ అవ్వ ఒక పద్ధతి పెట్టింది. చుట్టుపక్కల మూడు వాడల్లో ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది. శనివారం మేం గంప పట్టుకుని తిరుగుతాం. మమ్మల్ని గడప లోపలికి రానివ్వనివాళ్లు కూడా బయటికొచ్చి బియ్యం పోసి పోతారు. లోపలికి పిలవమని అవ్వ ఎవరినీ అడగదు, బియ్యమే అడుగుతుంది.

సోమవారం హాజరుకు ఎవరూ ఒంటిగా పోవద్దని అవ్వ కట్టడి. ఒక్కదాని పేరు పిలిస్తే ఐదుగురం లేస్తాం, అవ్వతో ఆరుగురం. మొదటి వారం జమేదారు చిరాకుపడ్డాడు. నేను పిలిచింది ఒక్కదాన్ని కదా అన్నాడు.

"ఒక్కదాన్నే పిలిచినవు సారూ. మిగిలినోళ్లం నీడకొచ్చినం" అంది అవ్వ.

ఆయన ఠాణా ముందరి చెట్టు వైపు చూసి, పిలిచినదాని పేరు పక్కన హాజరు వేసుకున్నాడు. ఇప్పుడు అవ్వను చూస్తే తనే ముందు పలకరిస్తాడు.

నిన్ను చూడాలని లేదనుకోకు. రాలేకపోవడానికి ఇంకొక కారణం ఉంది. అది కాయితం మీద పెట్టేది కాదు. అడగకు అమ్మమ్మా.

నీ
భద్రి


జనగామ
20 ఏప్రిల్ 1951

భద్రమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘అవ్వ’ అడుగడుక్కూ ఉంది. ‘అమ్మమ్మ’ను మాత్రం పైన ఒకచోట, కింద ఒకచోట, గుమ్మానికి మామిడాకులు కట్టినట్టు కట్టావు. లోపల ఇల్లంతా ఆమెదే.

నిన్ను కన్న అవ్వ నా బిడ్డ. పోయి పదిహేడేండ్లయింది. ఇప్పుడు మానుకోటలో లేచి విస్తర్లు కుట్టిస్తున్నదని నాకు తెలియదు. నేను నీకు అక్షరాలు దిద్దించింది ఇంకొకామెను పొగుడుతూ ఉత్తరాలు రాయడానికి కాదు.

నీడకొచ్చినం అన్న మాట మాత్రం బాగుంది. ఆమెతో చెప్పకు.

ఇక ఆ కాయితం మీద పెట్టలేని కారణం. నేను అడగను. కానీ ఊహించకుండా ఎట్లా ఉంటాను? నా మీద నీకు లేనిపోనివి చెప్పి ఉంటుంది. లేకపోతే జనగామలో నాతో ఉండటం నామోషీ అయి ఉంటుంది. రెండూ కాకపోతే ఆమెకు పెండ్లి కావలసిన కొడుకు ఉన్నాడా? ఉంటే సూటిగా రాయి. మారుమనువు తప్పనే ముసలిదాన్ని కాదు నేను. నాకు చెప్పకుండా చేసుకుంటే మాత్రం తప్పు.

యోసేపు చేతికి మామిడికాయ తొక్కు జాడీ ఇచ్చాను. నీ ఒక్కదానికే. జాడీ తిరిగి పంపు.

వెంకటనర్సమ్మ


మానుకోట
6 మే 1951

అమ్మమ్మకు,

అవ్వకు ఒక్కడే కొడుకు ఉండె. నా మగడు పోయిన ఏడే పోయాడు, అదే సంఘం దళంలో. ఇంట్లో వాడి అంగీ ఒకటి కొయ్యకు వేలాడుతుంటుంది. దాన్ని ఎవరం ముట్టం. నువ్వు అడిగిన మాట ఆమెకు చదివి వినిపించలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆ కష్టం తప్పింది.

తొక్కు అందరం తిన్నాం. నీ ఒక్కదానికే అని రాశావు గానీ, ఐదుగురు తింటుంటే ఒక్కదాన్నే జాడీ పక్కకు తీసుకుని ఎట్లా తినేది? అవ్వ బాగుందన్నది. ఉప్పు జర ఎక్కువైందన్నది.

పోయిన వారం అవ్వ మోతీని వెంటబెట్టుకుని భూపాలపల్లి దాకా పోయింది. మోతీ లంబాడీ పిల్ల. వాళ్ల తండాను అడవిలోంచి తెచ్చి అక్కడ క్యాంపులో పెట్టారు. అత్తమామలు జైలుకు పోయినదాన్ని గుడిసెలోకి రానియ్యం అన్నారు. అవ్వ తగవు పడలేదు. ఒక పూట వాళ్ల గుడిసె ముందే కూర్చుని, వాళ్ల కోడలు జైల్లో ఎంతమంది పసిపిల్లలకు సాకిరి చేసిందో చెప్పి, మళ్లీ మోతీని తీసుకుని తిరిగొచ్చింది. వచ్చే నెల మళ్లీ పోతుందట. "ఒక్కసారి పోతే చుట్టం, మూడుసార్లు పోతే పరేషాన్. పరేషాన్ అయితెనే ఇంటరు" అన్నది.

జాడీ కడిగి యోసేపుకు ఇచ్చాను.

భద్రి


జనగామ
19 మే 1951

భద్రమ్మకు,

కొడుకు సంగతి తెలియక రాశాను. అది నా తప్పు. ఉప్పు సంగతి నా తప్పు కాదు. యాభై ఏండ్లుగా ఆ తొక్కు పెడుతున్నాను, తిన్నవాళ్లెవరూ ఉప్పు మాట ఎత్తలేదు. ఎత్తడానికి భయపడ్డారేమో, అది వేరే ముచ్చట.

మోతీని భూపాలపల్లి తీసుకుపోయింది, మంచిదే. ఊరూరా తిరిగి బిడ్డలను ఏరుకునే మనిషికి నా బిడ్డే ఎందుకు కావలసి వచ్చిందనేదే నా ప్రశ్న.

ఆమె నీకోసం ఏమేం చేసిందో నువ్వు రాస్తున్నావు. నేనేం చేశానో నువ్వు మరిచిపోయినట్టుంది. గుర్తు చేస్తాను, అందుకే ఈ ఉత్తరం తపాలాలో వెయ్యకుండా యోసేపు చేతికిచ్చాను. రెండేండ్ల కింద శ్రావణంలో పోలీసు అమీను ఇద్దరు జవాన్లతో మన ఇంటికొచ్చాడు. నువ్వు అటక మీద పత్తి బస్తాల వెనక ముడుచుకుని ఉన్నావు. నేను అమీనును మంచం మీద కూర్చోబెట్టి, చాయ ఇచ్చి, నోటిమాట ఎందుకు సారూ, రాసిస్తాను అన్నాను. మా నాయిన బడిపంతులు, కొడుకులతో పాటు నాకూ ఉర్దూ నేర్పాడు. ఆ చదువు అట్లా అక్కరకొచ్చింది. ‘భద్రమ్మ అనే మనిషి మా ఇంటిది కాదు. మాకు రక్తసంబంధం లేదు. ఆమె ఎవరో నాకు తెలియదు’ అని రాసి కింద దస్తకతు పెట్టాను. ఒక్క కొట్టివేత లేదు. అక్షరాలు చూసి ఆయన వాహ్ అన్నాడు. అటక వైపు తల కూడా ఎత్తకుండా పోయాడు.

నెల తర్వాత నువ్వు పాలకుర్తి దారిలో దొరికిపోయావంటే అది నీ కాళ్ల తప్పు, నా కాయితం తప్పు కాదు.

పెంటమ్మకు వేలిముద్ర తప్ప రాదు కదా. ఇట్లాంటిది రాయగలదా, అడుగు.

అమ్మమ్మ


మానుకోట
2 జూన్ 1951

అమ్మమ్మా,

చెప్పొద్దనుకున్నాను. ఇది కూడా యోసేపు చేతికే ఇస్తున్నాను, నీ జవాబూ అతనికే ఇవ్వు. సాంబయ్య మామతో కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు ఆ కాయితం గురించి నువ్వే రాశావు.

అది నా మిసిల్లో, కేసు కాయితాల కట్టలో ఉంది. నన్ను పట్టుకున్న నాడే అమీను దాన్ని నా ముందు పెట్టాడు. నువ్వు నన్ను కాపాడటానికే రాశావని నాకు తెలుసు. అటక మీదే ఉన్నాను కదా, చాయ వాసన కూడా గుర్తుంది. తెలిసినా, నీ చేతిరాతలో ‘ఎవరో నాకు తెలియదు’ అని చూస్తే, నేను అక్షరాలు నేర్చుకోకపోతే బాగుండేది అనిపించింది.

విడుదల నాడు రక్తసంబంధం ఉన్నవాళ్లే జమానతు ఉండాలన్నారు. మామ ముందుకొచ్చాడు. గుమాస్తా మిసిలు తిప్పి, మీ అమ్మే సంబంధం లేదని రాసిచ్చింది, నువ్వు ఎవరివని అడిగాడు. మామ నిజం చెబితే నీ మీద అబద్ధపు సాక్ష్యం కేసు. చెప్పకపోతే నేను మళ్లీ లోపలికి. ఆయన కలం తిరిగి గుమాస్తా బల్ల మీద పెట్టాడు. మామను తప్పు పట్టకు.

పెంటమ్మ అవ్వ ఆనాడు వేరే ఆమె కోసం వచ్చింది. అదంతా విన్నది. సంచిలో బియ్యం ఉన్నాయి. నన్ను కొంగు పట్టమని, గుమాస్తా కళ్లముందే పోసింది. పోసినాక ఐదు పిడికిళ్లు తిరిగి తల్లిగారి కొంగులో వెయ్యాలి కదా, నేను వేశాను. అప్పుడు గుమాస్తాతో అన్నది, "రాసుకో సారూ. మా దిక్కు ఒడిబియ్యం పోసేది తల్లిగారే. పోసింది నేను, తిరిగిచ్చింది ఈ పిల్ల. ఇంకేం రుజువు గావాలె?"

గుమాస్తా ఈ ప్రాంతం మనిషే. సంబంధం దగ్గర ‘తల్లి’ అని రాశాడు.

అందుకే రాలేను. వచ్చే శివరాత్రి దాకా నేను ఆమె ఇంట్లోనే ఉండాలి. ఇల్లు మారితే లోపల వేసేది ఆమెను.

నువ్వు నన్ను పోగొట్టుకోలేదు. కాయితంలో పోయాను, అంతే.

భద్రి


జనగామ
14 జూన్ 1951

బిడ్డా,

సాంబయ్యతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వాడి పళ్లెంలో ఇంకొక ముద్ద ఎక్కువ పెట్టాను. వాడికి అర్థమైంది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఆమె ఒక అబద్ధం చెప్పి నిన్ను తీసుకపోయింది. నేను ఒక అబద్ధం రాసి నిన్ను పోగొట్టుకున్నాను. ఇద్దరం అబద్ధాలకోర్లమే. కాకపోతే ఆమె అబద్ధానికి పసుపు రాసి ఉంది.

అదే నాకు మండుతున్నది. అక్షరం రాని మనిషికి తోచింది నాకెందుకు తోచలేదు? కొట్టివేత లేకుండా రాశానని గొప్పలు పోయాను. ఒక్క కొట్టివేత ఉంటే బాగుండేది.

కచేరికి పోయి ఆ కాయితం వాపసు తీసుకుంటాను. నా మనుమరాలు నా మనుమరాలేనని రాసిస్తాను. తల్లి అని రాసినచోట తల్లి ఉండనీ. పక్కన అమ్మమ్మకు చోటు ఉంటుంది కదా.

అమ్మమ్మ


మానుకోట
22 జూన్ 1951

అమ్మమ్మా,

ఆ పని చెయ్యకు. వాపసు అంటే, అప్పుడు అబద్ధం రాశానని ఒప్పుకోవడమే. లోపల వేస్తారు. అరవై ఎనిమిదేండ్ల మనిషివి, ఆ నేల మీద పడుకోలేవు. నేను పడుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ఎనిమిది నెలలు ఆగితే చాలు, నేనే వస్తాను. అవ్వ కూడా అదే చెప్పమన్నది.

ఈ ఉత్తరం చేరగానే రెండు ముక్కలు రాయి.

భద్రి


జనగామ
24 జూలై 1951

భద్రమ్మకు అమ్మమ్మ రాసేది.

నీ ఉత్తరం చేరింది. ‘అవ్వ కూడా చెప్పమన్నది’ అన్న ముక్క లేకుంటే ఆగేదాన్నేమో. అది చదివాక ఆగడం నావల్ల కాలేదు.

నాలుగో తారీకున కచేరికి పోయాను. మేజిస్ట్రేటు పిల్లవాడు, మీసానికి ఇంకా పూర్తిగా నమ్మకం కుదరనట్టుంది. నా రెండు కాయితాలు పక్కపక్కన పెట్టుకుని, అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా అని అడిగాడు. రెండూ నా రాతే బాబూ, మొదటిదాంట్లో చెయ్యి వణకలేదు, రెండోదాంట్లో వణికింది, ఏది నిజమో చూసుకో అన్నాను. చూసుకున్నాడు. పన్నెండు రోజులు వేశాడు.

నేల సంగతి నువ్వు చెప్పిందే నిజం. లోపల ఒకామె, అవ్వా నీదేం కేసు అని అడిగింది. అబద్ధం అన్నాను.

"గదానికి గూడ ఏస్తరా? గట్లయితె ఊళ్లె ఎవలు మిగుల్తరే?" అంది.

పదహారో తారీకు విడిచారు. సోమవారం అని తెలుసు, నువ్వు రాలేవనీ తెలుసు. అయినా గేటు దాటగానే నీకోసమే చూశాను. సాంబయ్య ఉన్నాడు. వాడి పక్కన ఒక సన్నటి మనిషి, నా భుజానికి కూడా రాదు, ఒక కంట్లో పువ్వు, చేతిలో సంచి. ఇంత చిన్న మనిషి మీద నాలుగు నెలలు కోపం ఎట్లా నిలబెట్టానో నాకే తెలియలేదు. నేను ఊహించుకున్న పెంటమ్మ ఈమెకు రెండింతలుండె.

"భద్రికి హాజరుండె అక్కా. అందుకే నేనొచ్చిన. కొంగు పట్టు" అంది.

సంచి చూసి నాకు అర్థమైంది. నేను ముప్పై ఏండ్ల కింద మగణ్ని పోగొట్టుకున్నదాన్ని, నాకు పొయ్యరని చెప్పాను.

"ఒడిలె పోస్తున్న. మెడ దిక్కు చూస్తలేను" అంది.

సాంబయ్య తల తిప్పుకున్నాడు. నేను కొంగు పట్టాను. శాస్త్రం తెలియని మంత్రసాని అని నీకు రాసిన ముసలిదాన్ని, నడిబజారులో కొంగు పట్టి నిలబడ్డాను. బియ్యం పడుతుంటే ఇంత బరువు ఉంటుందని మరిచిపోయాను. బియ్యంలో నూకలున్నాయి. పిడికెడు పిడికెడు పోగుచేసినవి కదా, ఉంటాయి.

ఈ లెక్కన ఆమె నీకూ తల్లిగారు, నాకూ తల్లిగారు. నువ్వు నాకు చెల్లెలివి. ఈ వయసులో ఇది కూడా చూశాను.

ఇక అసలు సంగతి. మిసిల్లో ఇప్పుడు ‘అమ్మమ్మ’ అని రాశారు, కళ్లతో చూసి వచ్చాను. కానీ శిక్షపడ్డవాళ్లు జమానతుకు పనికిరారట. నిజం చెప్పి అమ్మమ్మనయ్యాను, నిజం చెప్పినందుకే నిన్ను తెచ్చుకోలేకపోయాను. శివరాత్రి దాకా నువ్వు ఆమె ఇంట్లోనే. సరే.

నాకూ ఆరు నెలలు సోమవారం హాజరు పడింది. ఇక్కడ హాజరు వేసే ఆడవాళ్లు ఆరుగురున్నారు. ఇన్నాళ్లూ ముఖం మీద కొంగు కప్పుకుని ఒకరి వెనక ఒకరు, ఒకరికొకరు తెలియనట్టు పోయేవాళ్లు. నిన్న పొద్దున అందరినీ మన అరుగు మీద కూర్చోబెట్టి, చాయ పోసి, కలిసి తీసుకుపోయాను. ఇంతమంది ఎందుకని అక్కడ అడిగితే, నీడకొచ్చినం అన్నాను. పెంటమ్మకు చెప్పకు, ఆ మాట తనదేననుకుంటుంది. నాతో కలిపి ఏడుగురం. మీరు ఆరుగురే కదా.

ఒక్కటి మిగిలింది. పోసినాక ఐదు పిడికిళ్లు ఆమె కొంగులో తిరిగి వెయ్యాలి. నాలుగు వేశాను. ఐదోది నా చేతిలోనే ఆగింది. ఆమె చూసింది. "నాలుగే అయినయి అక్కా" అన్నది. లెక్క నాకు వచ్చు అన్నాను. నా పిడికిలి దిక్కు ఇంకోసారి చూసి, సంచి మడిచి చంకలో పెట్టుకుని రైలుకు పోయింది.

ఆ పిడికెడు పసుపు గుడ్డలో కట్టి నీ పెట్టెలో పెట్టాను. శివరాత్రి తెల్లారి నీ గడువు తీరుతుంది. ఆనాడు అది ముందు నీ ఒడిలో వేసి, దాని మీద నా ఐదు శేర్లు పోస్తాను. నూకలు ఏరడం ఇవాళే మొదలుపెట్టాను.

వచ్చేటప్పుడు పెంటమ్మను వెంట తీసుకురా. నేను పోస్తుంటే ఆమె చూడాలి.

నీ అమ్మమ్మ,
వెంకటనర్సమ్మ